పగడాల ఆకలి, ప్లవకాల మేత

సముద్రపు నీటి అక్వేరియం పెంచేవాళ్ల మధ్య దశాబ్దాలుగా తెగని తగవు ఒకటుంది. పగడాలకు మేత వెయ్యాలా, లేక మంచి దీపం పెట్టి నీరు శుభ్రంగా ఉంచితే సరిపోతుందా? మేత అక్కర్లేదనేవాళ్లు తమ ట్యాంకుల్లో ఏళ్ల తరబడి ఏమీ వెయ్యకుండానే గుబురుగా ఎదిగిన కొమ్మ పగడాలను చూపిస్తారు. కావాలనేవాళ్లు రాత్రి దీపాలు ఆర్పాక టార్చి వేసి, పగడంలోని ప్రతి చిన్న జీవి, అంటే పాలిప్, చుట్టూ విచ్చుకున్న స్పర్శకాలను చూపించి, మరి ఇవెందుకున్నట్టు అని అడుగుతారు. ఈ వాదులాట ఒకపక్క సాగుతుండగానే దుకాణాల్లో ఆకుపచ్చ ద్రవం నింపిన సీసాలు అమ్ముడుపోతూ ఉంటాయి. సీసా మీద పగడం బొమ్మ, లోపల వృక్షప్లవకం. ఆ బొమ్మలోని పగడం లోపలున్న దాన్ని నిజంగా తింటుందా అన్నది తేల్చుకోవలసిన మొదటి సంగతి. ఆ ప్లవకం లేకపోతే నెలల తరబడి క్షీణించి చచ్చిపోయే జీవులు వేరే ఉన్నాయి. వాటి సంగతి రెండోది. నన్నడిగితే ఈ రెండోదే పెద్దది. పగడానికి పోషణ అందే దారులు మూడున్నాయి, ఆ జీవులకు ఉన్నది ఒక్కటే.

తగవు మూలం అక్వేరియంలలో లేదు, శాస్త్రజ్ఞుల దగ్గరే ఉంది. 1928-29లో బ్రిటన్ నుంచి మారిస్ యంగ్ నాయకత్వాన ఒక బృందం ఆస్ట్రేలియా తీరాన లో ఐల్స్ అనే చిన్న దీవుల మీద మకాం వేసి, గ్రేట్ బారియర్ రీఫ్‌ను దాదాపు ఏడాది పాటు పరిశీలించింది. యంగ్ పగడాలకు రకరకాల తిండి పెట్టి చూశాడు. జంతుప్లవకాలను, మాంసపు తునకలను అవి ఆబగా అందుకున్నాయి. మొక్కల సంబంధమైనదేది పెట్టినా పట్టించుకోలేదు, ఒకవేళ లోపలికి పోయినా అరిగించుకోలేదు. వెలుతురు చొరని పెట్టెల్లో ఉంచిన పగడాలు తమ ఒంట్లోని సూక్ష్మ శైవలాలను బయటికి నెట్టేసి కూడా, తిండి దొరికినంత కాలం బతికాయి. దాంతో యంగ్ పగడాన్ని పక్కా మాంసాహారిగా లెక్కగట్టాడు. ఒంట్లోని శైవలాలు వ్యర్థాలను పీల్చుకుని మేలు చేస్తాయే గానీ తిండి పెట్టవన్నది అతని అభిప్రాయం.

ఆ తీర్పు ముప్పై ఏళ్లు నిలిచింది. 1958లో లెనార్డ్ మస్కటైన్, కడెట్ హ్యాండ్ కలిసి రేడియోధార్మిక కార్బన్ వాడి, సముద్రపు ఎనిమొన్‌లో శైవలం తయారుచేసిన ఆహారం దాన్ని మోస్తున్న జంతువు కణాల్లోకి చేరుతున్నదని నిరూపించారు. పగడాల మీదా ఇదే పద్ధతిలో పరిశోధనలు సాగాయి. 1984లో మస్కటైన్, ఫాల్కోవ్‌స్కీ తదితరులు ఎర్రసముద్రపు స్టైలోఫోరా పగడం మీద వేసిన లెక్క నేటికీ ఉదాహరణగా చెబుతారు. బాగా వెలుతురు పడే చోట పెరిగిన పగడానికి దాని శ్వాసకు అయ్యే కార్బన్ ఖర్చులో 143 శాతం శైవలాల నుంచే అందుతోంది. నీడలో పెరిగిన దానికి అందేది 58 శాతం. అంటే ఎండలో ఉన్న పగడానికి మిగులు, నీడలో ఉన్నదానికి లోటు.

దీపం చాలు అనేవాళ్లకు ఈ 143 పెద్ద బలం. కానీ అదే పరిశోధకులు చెప్పిన రెండో మాటను చాలామంది చదవకుండా వదిలేస్తారు. శైవలం ఇచ్చే ఆహారంలో చక్కెరలు, కొవ్వు దండిగా ఉంటాయి గానీ నత్రజని బహు తక్కువ. దానితో రోజు గడుస్తుంది, కండ మాత్రం పట్టదు. మిగులు కార్బన్‌లో చాలా భాగాన్ని పగడం జిగురు రూపంలో నీళ్లలోకి వదిలేస్తుంది. కొత్త కణజాలానికి, గుడ్లకు, అస్థిపంజరంలోని ప్రొటీను చట్రానికి కావలసిన నత్రజని, భాస్వరం ఇంకెక్కడి నుంచైనా రావాలి. మొనాకో శాస్త్ర కేంద్రంలో ఫెరియే-పజెస్, ఉల్‌బ్రెక్ బృందం చేసిన వరుస ప్రయోగాలు దీన్ని స్పష్టం చేశాయి. ఒకే వెలుతురు కింద ఉంచినా, మేత వేసిన స్టైలోఫోరా కణజాలంలో ప్రొటీను పెరిగింది, అస్థిపంజరం కూడా వేగంగా కట్టింది. ఆ ఇద్దరే 2009లో అప్పటివరకూ వచ్చిన పరిశోధనలన్నీ కూర్చి రాసిన సమీక్ష ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పగడం తన రోజువారీ అవసరంలో 15 నుంచి 35 శాతం దాకా తిండి ద్వారా తీర్చుకోగలదు. శైవలాలు పోయి తెల్లబారినప్పుడు కొన్ని జాతుల్లో ఇది నూటికి నూరు దాకా పోతుంది.

కొన్ని జాతుల్లో అన్న మాట ఇక్కడ ముఖ్యం. హవాయిలో ఆండ్రియా గ్రొటోలి బృందం 2006లో ప్రకటించిన పనిలో, తెల్లబారిన మాంటిపోరా కాపిటాటా జంతుప్లవకాలను తినడం బాగా పెంచి దాదాపు ఆ తిండి మీదే నెట్టుకొచ్చింది. పక్కనే తెల్లబారిన పోరైటిస్ జాతులు మాత్రం తిండి పెంచుకోలేదు, ఒంట్లో నిల్వ ఉన్నదాన్నే కరిగించుకున్నాయి. ఒకే నీళ్లలో, ఒకే వేడికి గురైన ఇరుగుపొరుగు జాతుల తీరే ఇలా ఉంటే, ‘పగడాలకు మేత’ అని గంపగుత్తగా మాట్లాడటం మొదటి తప్పు.

మూడో దారి ఇటీవల తేటపడింది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మన్ బృందం 2023లో ప్రకటించిన పరిశోధనలో, ఏ మేతా వెయ్యకుండా నీళ్లలో నైట్రేటు, ఫాస్ఫేటు మాత్రం అందేలా చూస్తే పగడాలు చక్కగా పెరిగాయి. ఆ లవణాలను నేరుగా పీల్చుకునేది శైవలం. అది పెంపొందాక మిగులు శైవల కణాలను పగడం అరిగించుకుంటుంది, అంటే తన ఒంట్లోనే పండించుకుని తింటుందన్నమాట. పోషకాలు అంతంతమాత్రంగా ఉండే ఉష్ణమండల సముద్రంలో ఇంత నిండైన రీఫ్ ఎలా బతుకుతోందన్న ప్రశ్న డార్విన్ పేరుతో ఎప్పటి నుంచో వినబడుతోంది. దానికి ఇది కొంత జవాబు. అక్వేరియం తగవుకు కూడా ఇందులో జవాబుంది. చేపలు నిండుగా ఉన్న ట్యాంకులో రోజూ చేపలకు వేసే మేత వాటి విసర్జన ద్వారా నైట్రేటు, ఫాస్ఫేటుగా మారి శైవలానికి అందుతుంది, అక్కణ్నుంచి పగడానికి. మేమేమీ వెయ్యం అనేవాళ్లు నిజానికి వేస్తున్నారు, చేప నోటి మీదుగా. సముద్రంలోనూ ఇలాగే జరుగుతుంది. కరేబియన్‌లో పగలంతా పగడాల మీద గుంపుగా సేదదీరే గ్రంట్ చేప పిల్లల విసర్జన అందిన పగడాలు, చేపలు లేనివాటి కంటే ఎక్కువ పెరిగాయని 1980లలోనే కొలిచి చూపారు.

అసలు రీఫ్ మీదికి వచ్చే ప్లవకం ఎంత? పైకి కనిపించేంత మాత్రం కాదు. పగటి పూట బయటి సముద్రం నుంచి ప్రవాహం మోసుకొచ్చే జంతుప్లవకాలను రీఫ్ అంచున కాపుకాసే చేపల బారు చాలావరకు తినేస్తుంది. గ్రేట్ బారియర్ రీఫ్ మీద హామ్నర్ బృందం 1988లో దీన్ని వర్ణించింది. ఆ నోళ్ల గోడ దాటి లోపలికి వచ్చేది కొద్దిగానే. చీకటి పడ్డాక మాత్రం కథ మారుతుంది. పగలంతా ఇసుకలో, రాళ్ల సందుల్లో దాగిన కోపిపాడ్‌లు, వాటిలాంటి ఇతర చిన్న రొయ్యజాతి జీవులు, పురుగుల పిల్లలు పైకి లేస్తాయి. ఆల్‌డ్రెడ్జ్, కింగ్ 1970లలో వలలతో, ఉచ్చులతో వీటిని పట్టి లెక్కించారు. ఎన్నో పగడాలు రాత్రి పూట స్పర్శకాలు విప్పడానికి ఇదొక కారణం. దీపం వెలుగుతుండగా మధ్యాహ్నం మేత వేసి, పగడం తినలేదు కాబట్టి దానికి అక్కర్లేదని తేల్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అక్వేరియంలో ఈ ప్లవకం ఉండదు. ఉండకుండా మనమే చేస్తాం. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సజీవ శిలలు (సముద్రజీవులు పట్టి ఉన్న రాళ్లు), గాలి బుడగలు తప్ప మరేమీ లేని తన ట్యాంకు గురించి రాసినప్పటి నుంచి, సహజంగా వదిలేద్దామనేవాళ్లకూ శుభ్రం చేద్దామనేవాళ్లకూ మధ్య పోరు ఉంది. స్మిత్‌సోనియన్‌లో వాల్టర్ ఏడీ నురుగు తీసే స్కిమ్మర్ ప్లవకాన్ని చంపుతుందని పక్కనబెట్టి, నాచు పలకలతో నీటిని శుభ్రపరిచే పద్ధతి ఎంచుకున్నాడు. జర్మనీలో పుట్టిన బెర్లిన్ పద్ధతి సజీవ శిల, బలమైన దీపం, శక్తిమంతమైన స్కిమ్మర్ అంది. గెలిచింది బెర్లిన్ పద్ధతే, దాని వల్లే ఇళ్లలో రాతి పగడాలు బతకడం మొదలైంది. దానికి మూల్యం కూడా ఉంది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞుడు కెన్ ఫెల్డ్‌మన్ బృందం 2011లో ప్రకటించిన లెక్క ప్రకారం, స్కిమ్మర్ నడిచే ట్యాంకుల నీటిలో బ్యాక్టీరియా సహజమైన రీఫ్ నీటిలో ఉన్నదానిలో పదో వంతు మాత్రమే. బ్యాక్టీరియా మాటే అలా ఉంటే, దానికంటే పెద్దవైన ప్లవకాలు పంపు రెక్కలను, వడపోత సంచులను, అతినీలలోహిత దీపాన్ని దాటి ఎంతసేపు నిలుస్తాయి? అద్దంలా మెరిసే ఆ నీరు మన కంటికి శుభ్రత. వడగట్టి తినే జీవికి అది ఖాళీ కంచం.

ఇక ఎవరి నోటికి ఏది సరిపోతుందన్న ప్రశ్న. ఇదంతా మైక్రాన్ల లెక్క, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క. బ్యాక్టీరియా, అతి చిన్న శైవలాలు 2 మైక్రాన్ల లోపు. సీసాల్లో ఎక్కువగా అమ్మే నానోక్లోరాప్సిస్ 2 నుంచి 4. ఐసోక్రైసిస్ అంతకు కాస్త పెద్దది, టెట్రాసెల్మిస్ 10 పైమాటే. రోటిఫర్ అనే సూక్ష్మ జంతుప్లవకం 100 నుంచి 300 మైక్రాన్లు. ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్యజాతి జీవికి అప్పుడే పొదిగిన పిల్ల, అంటే నాప్లీ, అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ. మైసిస్ రొయ్యలు మిల్లీమీటర్లలోకి వస్తాయి.

స్పాంజ్ తీసుకునేది ఇందులో అడుగున ఉన్నవాటినే. దాని లోపలి గదుల్లో కొరడా కణాలు నీటిని ఆడిస్తూ బ్యాక్టీరియా స్థాయి రేణువులను పట్టుకుంటాయి. జమైకాలో హెన్రీ రీస్విగ్ 1971లో కొలిచి చూస్తే, స్పాంజ్‌లు నీటి నుంచి తీసుకునే తిండిలో అధిక భాగం మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనిపించనంత సన్ననిదని తేలింది. 2013లో యాస్పర్ డి హూయ్ బృందం ఇంకో అడుగు వేసి, పగడాలు వదిలే జిగురు నీటిలో కరిగాక దాన్ని స్పాంజ్‌లు పీల్చుకుని, తమ కణాలను రాల్చి, ఇతర జీవులకు తినదగ్గ రేణువులుగా మారుస్తాయని చూపింది. ట్యాంకులో రాళ్ల అడుగున, ఎవరూ ఏమీ వెయ్యకుండానే తెల్లగా, పసుపుగా స్పాంజ్‌లు పాకడానికి కారణం ఇదే అయ్యుండాలి. రంగు చూసి కొనుక్కొచ్చిన పెద్ద స్పాంజ్ కరిగిపోవడానికి కారణం కూడా ఇక్కడే వెతకాలి. దానికి కావలసినది సీసాల్లో దొరకదు.

ఈక పురుగు, అంటే గొట్టంలోంచి విసనకర్రలా విచ్చుకునే సబెల్లా జాతి, ఈ పనిలో అద్భుతమైన నేర్పరి. ఈకల మీది కేశాలు నీటిలోంచి రేణువులను ఏరి గాడుల వెంట నోటి వైపు పంపుతాయి. దారిలోనే పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది. సన్నవి నోట్లోకి పోతాయి, మధ్యరకానివి పక్కన పెట్టి జిగురుతో కలిపి గొట్టం కట్టుకోవడానికి వాడుకుంటుంది, పెద్దవాటిని విసిరేస్తుంది. దీని తీరు ఒకసారి భూతద్దంతో చూసినవాళ్లకు, మైసిస్ తునకలు దాని మీద చల్లడం ఎంత వృథానో వేరే చెప్పనక్కర్లేదు. ఆకుపచ్చ సీసా నిజంగా ఎవరికైనా ఉపయోగపడితే ఇదిగో, ఇలాంటివాటికే. ట్రైడాక్నా అనే పెద్ద ఆల్చిప్పలకు కూడా కొంత. వీటి అంచు కండలో పగడాలకున్నట్టే శైవలాలుంటాయి, దాంతో దీపం చాలని చాలామంది అనుకుంటారు. గ్రేట్ బారియర్ రీఫ్ మీద క్లంప్ బృందం 1992లో చేసిన కొలతల్లో, పిల్ల ఆల్చిప్పలు తమకు కావలసిన కార్బన్‌లో సగానికి పైగా నీటిని వడగట్టే సంపాదించుకుంటున్నాయి. పెరిగేకొద్దీ వెలుతురు వాటా పెరుగుతుంది. దుకాణంలో రెండంగుళాల ఆల్చిప్ప కొన్నవాళ్లు దీన్ని తెలుసుకుని తీరాలి.

మరి సీసా మీది బొమ్మలోని రాతి పగడం? యంగ్ చెప్పింది స్థూలంగా ఇంకా నిలబడే ఉంది. దాని దంశకణాలు, స్పర్శకాలు, అరిగించుకునే రసాలు అన్నీ జంతుమాంసం కోసం ఏర్పడ్డవి. 2014లో జన్యు ఆనవాళ్లతో చేసిన ఒక అధ్యయనం రాతి పగడాల లోపల సూక్ష్మ శైవలాలను కూడా గుర్తించింది కాబట్టి అసలు ముట్టవని ఇప్పుడు అనలేం. లోపలికి పోవడం వేరు, దాని మీద ఆధారపడి బతకడం వేరు. బురద నీటిలో పెరిగే కొన్ని జాతులు నీటిలో తేలే సన్నని రేణువుల్ని తిని లాభపడతాయని కెన్ ఆంథొనీ పరిశోధనలు చూపాయి. అయినా అందులో బ్యాక్టీరియా, సూక్ష్మజీవులు అన్నీ కలిసే ఉంటాయి. నా నిర్ణయం ఇది: కొమ్మ పగడాలు మాత్రమే ఉన్న ట్యాంకులో వృక్షప్లవకం పోస్తే పగడానికి నేరుగా ఒరిగేది కొద్ది. మేలు జరిగితే అది చుట్టుదారిన. ఆ శైవలం తిని ట్యాంకులోని కోపిపాడ్‌లు పెరుగుతాయి, వాటి పిల్లలు రాత్రి పగడం నోట పడతాయి. అందుకు ముందు ట్యాంకులో కోపిపాడ్‌లు ఉండాలి కదా.

మెత్తని పగడాల్లో మాత్రం యంగ్ సూత్రానికి పెద్ద మినహాయింపు బయటపడింది. ఒంట్లో శైవలాలు లేని డెండ్రోనెఫ్తియా మీద ఫాబ్రిషియస్, బెనయాహు, గెనిన్ 1995లో ఎర్రసముద్రపు అకాబా సింధుశాఖలో చేసిన పరిశోధన, అది ప్రధానంగా వృక్షప్లవకం తినే బతుకుతుందని తేల్చింది. గులాబీ, నారింజ, ఊదా రంగుల్లో స్ఫటికాలు తొడిగిన పూలగుత్తిలా ఉంటుంది ఆ పగడం. దుకాణంలో అందరి చూపూ దాని మీదే పడుతుంది. ఇంటికి తెచ్చాక వారాల్లో, మహా అయితే నెలల్లో కుంచించుకుపోతుంది. దానికి కావలసింది రాత్రింబవళ్లు ఆగకుండా వేగంగా పారే నీరు, ఆ నీటిలో ఎప్పుడూ పలచగా ఉండే సన్నని ప్లవకం. రోజుకోసారి గరిటెడు పోస్తే దాని కడుపు నిండదు.

మేతల విషయానికొస్తే, మన కోస్తా వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. నెల్లూరు నుంచి భీమిలి దాకా తీరం వెంట ఉన్న రొయ్య హేచరీల్లో రోజూ జరిగే పని ఇదే. రొయ్య నాప్లియస్ దశలో ఏమీ తినదు, జోయియా దశకు రాగానే కీటోసెరాస్, థలస్సియోసిరా వంటి శైవలాలు అందాలి, మైసిస్ దశ నుంచి ఆర్టీమియా. ఈ శైవలాలను గాజు ఫ్లాస్కుల్లో మొదలుపెట్టి, కార్బాయ్‌లకు, అక్కణ్నుంచి పెద్ద ట్యాంకులకు ఎక్కిస్తారు. వాడే పోషక ద్రావణం గిలార్డ్, రైథర్ 1962లో రూపొందించిన దాని నుంచి వచ్చిందే. పరిశుభ్రత కాస్త తప్పిందా, రోటిఫర్లో మరేవో సూక్ష్మజీవులో చొరబడి ముదురు రంగు నీరు ఒక్క రాత్రిలో పాలిపోతుంది. హేచరీలో ఆల్గే గది వాళ్లకు ఈ భయం నిత్యం ఉంటుంది. ఇంట్లో రెండు సీసాల్లో పెంచుకునేవాళ్లకూ ఉండాలి. అందుకే ఎప్పుడూ ఒక సీసా విడిగా, వేరే గదిలో ఉంచుకోవాలి.

ఆర్టీమియా పొదిగించడం కూడా అంతే. అడుగు కోసుగా ఉన్న ట్యాంకులో ఉప్పునీరు, 28 డిగ్రీల వెచ్చదనం, కింది నుంచి గాలి. ఇరవైనాలుగు గంటలయ్యాక గాలి ఆపేస్తే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అడుక్కు దిగుతాయి. పైన మూత కప్పి అడుగున దీపం పెడితే నారింజ రంగు నాప్లీలన్నీ వెలుతురు వైపు గుంపుకడతాయి. కుళాయి తిప్పి ముందు అడుగు మడ్డి వదిలేసి, తర్వాత వచ్చేదాన్ని సన్న గుడ్డలో పట్టి కడుగుతారు. ఈ కడగడమే ముఖ్యం. పొదిగిన నీరు విబ్రియో బ్యాక్టీరియాకు పుట్టిల్లు, దాన్ని అక్వేరియంలో పొయ్యకూడదు. ఇంకొకటి, నాప్లీకి పుట్టినప్పుడు ఉన్న బలం గంటగంటకూ తరిగిపోతుంది. రెండో దశకు వచ్చాక గానీ అది తినలేదు. అప్పుడు దానికి డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం ఉన్న శైవలమో కొవ్వు మిశ్రమమో పెట్టి పుష్టి చేసి వేస్తే తప్ప, పగడానికి దక్కేది నోటి నిండా నీరే.

రోటిఫర్ చరిత్ర విచిత్రం. జపాన్‌లో ఈల్ చేపల చెరువుల్ని పాడుచేసే పీడగా పేరుపడ్డ జీవిని 1960లో తకాషి ఇటో చేపపిల్లల మేతగా మార్చాడు. సన్నని నోటి పగడాలకు, గార్గోనియన్‌లకు నాప్లీ కంటే ఇదే మేలు. అన్నిటిలోకి పుష్టికరమైనది కోపిపాడ్. సముద్రంలో పగడం తినేది ఎక్కువగా దాన్నే, కొవ్వు ఆమ్లాలు దాని ఒంట్లోనే ఉంటాయి, విడిగా దట్టించే పని లేదు. పెంచడం మాత్రం కష్టం, దిగుబడి తక్కువ. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేరళలోని విళింజంలో కోపిపాడ్ జాతుల్ని నిలకడగా పెంచుతోంది. అదే సంస్థ విశాఖ కేంద్రం గ్రూపర్ పిల్లల్ని బతికించడానికి వాటినే నమ్ముకుంది. మన దగ్గర అక్వేరియం పెంపకందారులు గడ్డకట్టిన దిగుమతి సరుకు కోసం తాపత్రయపడటం కంటే ఈ పరిజ్ఞానాన్ని అందిపుచ్చుకుంటే ఎంతో బాగుంటుంది.

వేసే పద్ధతి గురించి పుస్తకాల్లో చాలా ఉంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో టిమ్ వైగర్డ్ బృందం 2011లో ప్రకటించిన ఒక పరిశీలన. గెలాక్సియా పగడం మీద ఆర్టీమియా నాప్లీ వదిలి దగ్గరగా చూశారు. పాలిప్‌లు నోట్లోకి మింగింది కొద్దిభాగమే. మిగతావాటిని జిగురుతో ముద్దలుగా కట్టి స్పర్శకాల మధ్యే పట్టుకుని, కడుపులోని దారాల్లాంటి భాగాలను బయటికి చాపి, అక్కడికక్కడే అరిగించుకున్నాయి. ఆ పని గంటల తరబడి సాగింది. పగడం మీద ముద్దగా మిగిలిపోయిన మేతను తినలేదనుకుని పిచికారీతో ఊడ్చేసేవాళ్లు, తింటున్న కంచం లాగేస్తున్నట్టే లెక్క. మేత వేసేటప్పుడు స్కిమ్మర్, తిరుగు పంపు కాసేపు ఆపి, లోపలి ప్రవాహాన్ని మాత్రం మెల్లగా నడవనివ్వడం సబబు. నిలవ నీటిలో రేణువులు అడుక్కు పోతాయి, జోరు నీటిలో స్పర్శకాలకు చిక్కవు.

సన్ కోరల్ అని పిలిచే ట్యూబాస్ట్రియా దగ్గర ఈ ఓపిక మరింత కావాలి. దీనికీ శైవలాలు లేవు. పగలు ముడుచుకుని నారింజ బొడిపెల్లా ఉంటుంది. కరిగించిన మైసిస్ రసం నాలుగు చుక్కలు ఎగువ నీటిలో వదిలితే వాసన తగిలి, కాసేపటికి ఒక్కొక్క బొడిపె ఉబ్బి, పసుపు స్పర్శకాలు బయటికి తీస్తుంది. అప్పుడు డ్రాపరుతో ప్రతి నోటికీ విడివిడిగా అందించాలి. ఒక పాలిప్ తిన్నది పక్కదానికి పెద్దగా చేరదు. వదిలేసిన నోళ్ల చుట్టూ కండ పలచబడి, తెల్లని అస్థిపంజరం అంచులు బయటపడతాయి. ఇంత చాకిరీ చెయ్యగలవాళ్లకు అది ఏళ్ల పాటు బతుకుతుంది, పిల్లలు కూడా పెడుతుంది. శైవలాలు లేనివాటిలో ఇంట్లో పెంచదగ్గది ఇదొక్కటే అంటాను. మైసిస్‌ను పట్టుకునేంత పెద్ద నోరుండటమే దాని అదృష్టం.

తినగా మిగిలింది ఎక్కడికి పోతుందన్నది మేతకు రెండో సగం. ప్లవకం ఏదైనా ప్రొటీనే. కుళ్లితే అమ్మోనియా, నైట్రేటు, ఫాస్ఫేటు. అందుకే ఒకప్పుడు నైట్రేటు, ఫాస్ఫేటు రెంటినీ సున్నాకు తెచ్చుకోవడమే ఘనత అనుకునేవారు. సౌతాంప్టన్ బృందమే 2013లో ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. నైట్రేటు ఉండి ఫాస్ఫేటు కరవైతే శైవలం పొరల్లో కొవ్వు కూర్పు మారి, వేడికీ వెలుతురుకూ పగడం సులువుగా తెల్లబారుతుంది. కాబట్టి మేత తగ్గించడం, ఫాస్ఫేటు పీల్చే రసాయనాలు కుమ్మరించడం రెండూ ఒకేసారి చేస్తే పగడానికి మూడు దారుల్లో రెండు మూసేసినట్టే. కొద్దిగా, తరచుగా వేసి, వారం వారం రెండు లవణాలనూ కొలుచుకుంటూ, వాటి పోకను బట్టి మేత పెంచడం ఒక్కటే నమ్మదగ్గ పద్ధతి. సీసా మీద అచ్చేసిన మోతాదు ఎవరి ట్యాంకునూ చూసి రాసింది కాదు.

ఇక అమ్మకూడదనీ, కొనకూడదనీ నేను గట్టిగా చెప్పేవి కొన్ని ఉన్నాయి. కరేబియన్ నుంచి వచ్చే ఎర్ర ఫ్లేమ్ స్కాలప్‌కు ఒంట్లో శైవలాలు లేవు. తాను వడగట్టే ప్లవకం తప్ప దానికి వేరే ఆధారం లేదు. ఆకలితో ఉన్నప్పుడు కూడా పెంకు తెరిచి ఎర్రని అంచు ఆడిస్తూనే ఉంటుంది కాబట్టి యజమానికి ఏమీ తెలియదు, ఒకరోజు పెంకు మూసుకోవడం మానేస్తుంది. ఈకల నక్షత్రానికి చేతులు ముక్కలు ముక్కలుగా రాలిపోతాయి. సీ యాపిల్ అనే రంగురంగుల సముద్ర దోసకాయ నెలనెలా కుదించుకుపోతుంది, చనిపోతూ వదిలే విషం ట్యాంకులోని చేపల్ని కూడా చంపగలదు. వీటన్నిటి చావు ఒకటే తీరు, ఒంట్లోని కండనే తినుకుంటూ నెలల తరబడి సాగుతుంది. ఆ నెలలన్నీ దుకాణదారుకు బాగా బతికిన లెక్కలోకే వస్తాయి. ఇది నాకు భరించరానిది. నిరంతరం ప్లవకం అందించే ఏర్పాటు ముందు కట్టి, అది నడుస్తున్నదని చూసుకున్నాక గానీ ఇలాంటి జీవిని ఎవరూ ఇంటికి తేకూడదు.

మన దేశంలో ఇంకో హద్దు కూడా ఉంది. 2001 నుంచి మన సముద్రాల్లోని రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్‌లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ల నుంచో తెచ్చిన ముక్క ఎవరైనా చవగ్గా ఇస్తామంటే, దాని మేత గురించి ఆలోచించే అవసరమే రాకూడదు.

ఈ పరిజ్ఞానం ఇళ్ల అక్వేరియంలకే పరిమితమై ఉంటే ఇంతగా పట్టించుకోవలసిన పని ఉండేది కాదు. సింగపూర్‌లో తో తాయ్ చోంగ్ బృందం పసి పోసిల్లోపోరా పగడాలకు నర్సరీలో ఆర్టీమియా నాప్లీలు వేసి పెంచితే, ఎక్కువ మేత దక్కినవి పెద్దవై, రీఫ్ మీద నాటాక ఎక్కువగా బతికాయి. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం చంద్రుడి వెలుగును, రుతువుల వేడిని అనుకరించి ట్యాంకుల్లోనే పగడాలు గుడ్లు వదిలేలా చేసింది, 2017లో ఆ పద్ధతిని ప్రకటించింది. గుడ్లు కట్టడానికి కావలసిన కొవ్వు, ప్రొటీను ఒక్క దీపంతో రావు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం నాలుగోసారి మొదలైందని ప్రకటన వచ్చింది. మన సముద్రాల్లో పగడాలకు వేడి ముప్పు ఉందని హెచ్చరికలు పంపేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థే. హెచ్చరిక అందాక రీఫ్ అంతటికీ మేత వెయ్యడం ఎవరి తరమూ కాదు. నర్సరీ ట్యాంకుల్లో, నాటబోయే ముక్కల చుట్టూ మాత్రం అది సాధ్యమే. అక్కడ అడగవలసినవి అక్వేరియం వాళ్లు అడుగుతున్న ప్రశ్నలే: ఆ జాతి మాంటిపోరా లాంటిదా, పోరైటిస్ లాంటిదా, దాని నోటికి ఏ పరిమాణం ఆనుతుంది, రాత్రి ఏ వేళకు విచ్చుకుంటుంది. మేత పెంచే చేతులకు మన తీరంలో కొదవ లేదు. భీమిలి దగ్గర హేచరీలో ఆల్గే గది చూసుకునే కుర్రవాడికి ఆ పనిలో సగం ఇప్పటికే వచ్చు.